చంద్రుడు కనపడని పౌర్ణమి

1984 డిసెంబరు 3, గోవా రేవు

ఈ డైరీ మా ద్రాక్షారామంలో ఎరువుల కొట్టాయన ఇచ్చింది. మొదటి పేజీలో ఎకరానికి ఎంత యూరియా చల్లాలో ఉంది. నేను పోయేది గడ్డిపోచ మొలవని చోటికి. ఆరో క్లాసు మధ్యలో బడి ఎగ్గొట్టాను, మళ్లీ అటు పోలేదు. తప్పులుంటే ఉంటాయి. చదివేదెవడు?

ఓడ నార్వేవాళ్లది. అంటార్కిటికాకి. మనవాళ్లు ఎనభైమంది దాకా ఉన్నారు. సైంటిస్టులు, నేవీ, ఆర్మీ, డాక్టర్లు. నేను అసిస్టెంట్ కుక్‌ని. కాకినాడ నుంచి ఇరవయ్యేళ్లు సరుకు ఓడల్లో వండిన చెయ్యి ఇది. అయినా ఇంట్లో చెబితే సత్యలక్ష్మి నమ్మలేదు. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా ఈ కోతలేంటండీ అంది. నా మాట నా పెళ్లామే నమ్మదు. దాన్ని కూడా నేను గొప్పగానే చెప్పుకుంటాను.

స్టోర్స్ ఆఫీసరుది పెద్దాపురం అని తెలిసింది. పేరు గోపాలకృష్ణమూర్తి. తాతల నాటి బట్టల కొట్టు ఉన్న షావుకార్ల ఇల్లు. పరుగున పోయి, మూర్తిగారండీ, మాది ద్రాక్షారామం అండీ, బుల్లబ్బాయి అంటారండీ, ఇంత దూరంలో మన వైపు ఆయన దొరికారు, ఇంక నాకు దిగులేంటండీ అన్నాను. ఆయన చేతిలో అట్ట మీద కాగితాలు చూసుకుంటూ, గ్యాలీ స్టాఫ్, అంటే వంటింటివాళ్లు, ఈ మెట్లు వాడకూడదని ఇంగ్లీషులో చెప్పాడు.

తర్వాత నా ఆవకాయ జాడీ మీద పడ్డాడు. సత్యలక్ష్మి వాసెన కట్టి ఇచ్చిన జాడీ అది. పింగాణీ నాట్ అలౌడ్ అట. ఓడ ఊగితే పగిలి నూనె పారుతుందట. పదిమంది ముందు బతిమాలాను. రేవు షెడ్డులో పెట్టించి రసీదు రాసి ఇచ్చాడు.

ఆవకాయకి రసీదు!

సరే మూర్తీ. నాలుగు నెలలు నా చేతి వంటే తినాలి నువ్వు.

డిసెంబరు 9

నీళ్లు. ఇంకేం లేదు.

డిసెంబరు 16

ఓడ పక్కకి పడుకుని లేస్తోంది. గిన్నెల్ని తాళ్లతో కట్టి వండుతున్నాం. సగం మంది మంచాలు దిగలేదు. చారు పట్టుకెళ్లి ఇది డాక్టరుగారు పంపిన మందు, ముక్కు మూసుకుని తాగాలి అన్నాను. పదకొండుమంది ముక్కు మూసుకుని తాగారు. ఒకాయనకి నిజంగానే తగ్గింది.

ఓడ వెనకాల పెద్ద తెల్లపక్షి. ఆల్బట్రాస్ అంటారట. రెక్క ఆడించకుండా మూడు రోజులుగా వస్తోంది. కుర్ర సైంటిస్టు ఒకడు నోరు తెరుచుకుని చూస్తుంటే, అది కెప్టెన్ పెంచుకున్న పక్షి బాబూ, మాణిక్యం అని పిలిస్తే డెక్కు మీద వాలుతుంది అన్నాను. నిజమా అన్నాడు. భీమేశ్వరస్వామి మీద ఒట్టు అన్నాను. అరగంట సేపు ఆ గాలిలో మాణిక్యం, మాణిక్యం అని అరిచాడు. మాణిక్యం మా అత్తగారు.

రేడియో ఆపరేటరు జ్ఞానప్రకాశం కడుపు పట్టుకుని నవ్వాడు. నరసాపురం అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయి. నన్ను బాబాయ్ అంటాడు. ఓడలో తెలుగువాళ్లం ముగ్గురమే. అందులో ఒకడు మాట్లాడడు.

డిసెంబరు 20

నార్వే కెప్టెన్ పట్టింపు మనిషనీ, తాను ఓడ నడిపే బ్రిడ్జి గుమ్మం ముందు తల వంచకుండా పోతే అవమానంగా తీసుకుంటాడనీ వారం కిందట మూర్తికి కబురు చేరేలా చూశాను. ఆయన నన్ను పిలిచి అడిగాడు. భీమేశ్వరస్వామి మీద ఒట్టండీ అన్నాను. నాలుగు రోజులు వంగి వంగి దండాలు పెట్టాడు. కెప్టెన్ ఈయనకి నడుం నొప్పేమో అని డాక్టర్ని పంపాడు. దాంతో బయటపడింది.

మెస్సు మెస్సంతా పడీ పడీ నవ్వింది. మూర్తి తిన్నగా గ్యాలీకి వచ్చాడు. మొదటిసారి తెలుగులో మాట్లాడాడు. ఒట్టుకి కూడా విలువ లేనివాడివి, రేపు నీ నోట్లోంచి నిజం వచ్చినా ఎవడూ వినడు, గుర్తు పెట్టుకో అన్నాడు.  పెద్దాపురం యాసే, చక్కగా ఉంది.

డిసెంబరు 24

పొద్దున లేచి చూస్తే సముద్రం విరిగిన పాలలా ఉంది. కనుచూపు మేర మంచు పెళ్లలు. ఓడ వాటి మీదకెక్కి బరువుతో విరగ్గొట్టుకుంటూ పోతోంది. మంచం కింద ఎవరో రంపం పెట్టి కోస్తున్నట్టు చప్పుడు.

పెద్ద మంచుకొండ ఒకటి పక్కనించి పోయింది. మా భీమేశ్వరాలయం గోపురాలు నాలుగూ దాని మూల పడతాయి. పగుళ్ల లోపల నీలిమందు రంగు. అబ్బ ఎంత అందం అని అందరూ ఫొటోలు తీశారు. నాకు మాత్రం ఎందుకొచ్చార్రా అని అడుగుతున్నట్టు ఉంది.

డిసెంబరు 29

చేరాం. మంచుగోడ పక్కన ఓడ కట్టారు. పొద్దు గుంకదు. గడియారం చూసి పడుకోవాలి, గడియారం చూసి వండాలి.

పెంగ్విన్లు గుంపుగా వచ్చాయి. భోజనాల పిలుపు కోసం నిలబడ్డ పెళ్లివారిలా ఉన్నాయి. ముందు నువ్వు నడువు, కాదు నువ్వు నడువు అనుకుంటున్నాయి. వాటి కాపురం ఉన్న చోటి కంపు మాత్రం ఉప్పుచేపల పాకని మించింది.

అక్కడ గోధుమరంగు పక్షి ఒకటి తిరుగుతుంది. స్కువా. మన గద్దకి తమ్ముడు. నేను చూస్తుండగానే పెంగ్విన్ పిల్లని ఎత్తుకుపోయింది. తల్లి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. అరవను కూడా లేదు.

1985 జనవరి 2

ఓడ కట్టిన అఖాతానికి అవతల, మంచు అంచున, డీజిల్ డ్రమ్ములు దింపిన చోట ఒక సీలు, కుక్క మొహంతో చేపలా ఉండే పెద్ద జంతువు, చచ్చిపడి ఉందట. బయాలజీ వాళ్లు దాని కొవ్వు కొంచెం కోసుకొచ్చి డబ్బాలో పెట్టారు. పరీక్షలకట. నా కోల్డ్ స్టోర్‌లో నెయ్యి డబ్బాల పక్కనే పెట్టారు. తెల్లగా పేరుకుని ఉంది. చూస్తే నెయ్యే అనుకుంటారు ఎవరైనా.

జనవరి 6, ఆదివారం

మూర్తి సత్యనారాయణవ్రతం చేశాడు. పంచాంగం ప్రకారం ఈ రోజు పౌర్ణమి. చంద్రుడేడండీ అన్నాను. ఇక్కడ ఈ నెలల్లో సూర్యుడు దిగడు, పున్నమి చంద్రుడు పైకి రాడు అని సైంటిస్టులు చెప్పారు. సాయంత్రం అయిందో లేదో తెలియదు, చంద్రుడు లేడు, ఏం పౌర్ణమండీ ఇది, స్వామివారు ఒప్పుకుంటారా అన్నాను.  మూర్తి అన్నవరం పటం గోడకి కట్టి, తువ్వాలు మీద బియ్యం పోసి, శ్రద్ధగా చేసుకున్నాడు. ఓడ క్షేమం కోసమట. పంజాబీలు, బెంగాలీలు, నార్వేవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

ప్రసాదం నా చేతే చేయించాడు. వేరే దిక్కు లేదు. ఎర్ర గోధుమనూక, పంచదార, నెయ్యి. నేను స్నానం చేసే చేశాను. మంచి నెయ్యే పోశాను. ఇది నిజం. ఇక్కడ రాసుకునేదానికి ఒట్టు అక్కర్లేదు.

మూర్తి అందరికీ కథ చెప్పాడు. ప్రసాదం తినకుండా పరిగెత్తిన ఆడకూతురి మొగుడి ఓడ మునిగిన సంగతి హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఓడలో కూర్చుని ఓడ మునిగే కథ! అందరూ భయం భయంగా రెండోసారి కూడా పెట్టించుకున్నారు.

మూర్తి ఆఖర్న తిన్నాడు. కళ్లు మూసుకుని తిన్నాడు. మొదటిసారి ఆ మొహంలో సంతోషం చూశాను. అప్పుడు నోరు ఊరుకుందా నాది. ఎలా ఉందండీ మూర్తిగారండీ, నెయ్యి రాయిలా గడ్డకట్టి చెంచా దిగలేదండీ, పక్కనే సీలు కొవ్వు డబ్బా ఉంటే అది కరిగించి పోశానండీ, తేడా తెలిసిందా అండీ అన్నాను.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

మూర్తి లేచి డెక్కు మీదకి పరిగెత్తాడు. రెయిలింగు పట్టుకుని మొత్తం కక్కేశాడు. నేను వెనకాల పరిగెత్తి, అయ్యో వేళాకోళం అండీ, నెయ్యే అండీ, భీమేశ్వరస్వామి మీద ఒట్టండీ అన్నాను. ఒట్టు అనగానే నావైపు చూశాడు.

నెయ్యి డబ్బా తెచ్చి చూపించాను. ఈ యాత్రకి పెద్ద, లీడరుగారు వాసన చూసి, బయాలజీ వాళ్ల డబ్బా కూడా తెప్పించి, దాని మూత వేసింది వేసినట్టే ఉంది, ఎవరూ ముట్టలేదు అన్నారు. మూర్తి వినలేదు. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టని ఇల్లు మాది అన్నాడు. నాతో కాదు, సముద్రంతో.

జనవరి 7

మూర్తి నా వంట మానేశాడు. నా చెయ్యి తగిలింది ఏదీ ముట్టడట.

జనవరి 10

ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, ఖర్జూరం, బిస్కట్లు. కేబిన్‌లో తానే నీళ్లు కాచుకుంటున్నాడు. చిక్కిపోయాడు. గిల్టీగా ఉందా బాబాయ్ అని జ్ఞానప్రకాశం అడిగాడు. నా జాడీ గోవాలో ఎండుతోంది, ఆయనకి ఉందేమో అడుగు అన్నాను.

జనవరి 11, పొద్దున

అవతల ఒడ్డున డ్రమ్ములు లెక్క చూడాలని మూర్తి, రేడియో సెట్టుతో జ్ఞానప్రకాశం హెలికాప్టర్‌లో వెళ్లారు. అక్కడ ఒక టెంటూ స్టవ్వూ ఎప్పుడూ ఉంటాయి. మధ్యాహ్నానికి వచ్చేస్తారు.

ఓడ దిగేవాడు గంట కోసమైనా తిండిపెట్టె తీసుకెళ్లాలి. సూపు పొడి, చాక్లెట్, బిస్కట్, బియ్యం. ఇద్దరికి వారం సరిపడా. ఆ రూలు మూర్తి రాసిందే. ఆ పెట్టె సర్దేది నేనే.

గ్యాలీ గుమ్మంలోంచి చూస్తున్నా. మూర్తి ఆ పెట్టె దగ్గర ఆగాడు. మీద నా చేతిరాత ఉంది. కాలితో పక్కకి తోశాడు, బరువులెత్తే విన్చి వెనక్కి. తన సంచీ భుజానికి తగిలించుకుని ఎక్కేశాడు. జ్ఞానప్రకాశం అప్పటికే లోపల సెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టె ఎక్కిందనుకుని ఉంటాడు.

చెయ్యి ఊపితే చాలు. ఓయ్ అంటే చాలు. గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఉండనీ, మధ్యాహ్నానికి ఆకలేసి వస్తాడు, రావడం రావడం నా గ్యాలీకే వస్తాడు అనుకున్నా. నవ్వొచ్చింది కూడా.

జనవరి 11, మధ్యాహ్నం మూడు

బ్లిజర్డ్, మంచు తుపాను. డెక్కు మీద ఆ చివర ఈ చివరకి కనపడటం లేదు. హెలికాప్టర్ వాళ్లని దింపి వచ్చేసింది, మళ్లీ లేవలేదు. రేడియోలో జ్ఞానప్రకాశం, టెంటులో ఉన్నాం, క్షేమం అన్నాడట.

జనవరి 12

తిండిపెట్టె కనపడటం లేదని జ్ఞానప్రకాశం రేడియోలో చెప్పాడట. మంచులో ఎక్కడన్నా దింపారా అని అడిగాడట. మూర్తి పక్కనే ఉండి చెప్పలేదన్నమాట. నేను ఇక్కడుండి చెప్పలేదు.

పెట్టె విన్చి వెనకే ఉంది. మీద జానెడు మంచు.

జనవరి 13

గాలి తగ్గలేదు. రేడియోలో గరగర తప్ప మాట లేదు. బ్యాటరీ చలికి పోయి ఉంటుందన్నారు.

ఎనభైమందికి పూరీలు వేశాను. ఒక్కొక్కటి నూనెలో పొంగి పైకి వస్తుంటే చూడలేకపోయాను.

జనవరి 14

లీడరుగారి కేబిన్‌కి వెళ్లి చెప్పేశాను. మూర్తిగారు పెట్టె తోసెయ్యడం చూశానండీ, చూసి ఊరుకున్నానండీ అన్నాను. ఇదీ జోకేనా అన్నారు. కాదండీ అన్నాను.  డెక్కు మీదకి తీసుకెళ్లి పెట్టె చూపిస్తే గానీ నమ్మలేదు.

తిడతారనుకున్నా. తిట్టలేదు. వెళ్లి వంట చెయ్యి, వీళ్లందరూ తినాలి కదా అన్నారు. అంతే.

ఇప్పుడు ఓడంతటికీ తెలుసు. అన్నం వడ్డిస్తుంటే ఎవరూ మాట్లాడరు. కంచాలు చాపుతారు, వెళ్లిపోతారు. మాణిక్యం కుర్రాడు కూడా.

జనవరి 15

ఆ కథలో ప్రసాదం తినకుండా పోయినవాళ్ల సంగతే గుర్తొస్తోంది. మూర్తి తిన్నాడు. కక్కించింది నేను.

ఏ దేవుడి మీద ఒట్టు పెట్టుకుని మొక్కుకోవాలో తెలియలేదు.

జనవరి 16, సాయంత్రం

గాలి కొంచెం తగ్గింది. పైలట్ ఒకసారి లేచి తిరిగొచ్చేశాడు. పిండి జల్లినట్టు ఉంది, కిందా పైనా తెలియడం లేదన్నాడు. పెట్టె నేనే హెలికాప్టర్‌లో ఎక్కించాను. తిరిగొచ్చాక దింపనివ్వలేదు.

జనవరి 17

తెచ్చారు. ఇద్దరూ బతికే ఉన్నారు.

జ్ఞానప్రకాశం నడిచి దిగాడు. మూర్తిగారిని స్ట్రెచర్ మీద దింపారు. కుడిచేతి రెండు వేళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. నన్ను దాటించేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నారు.

జనవరి 18

జ్ఞానప్రకాశానికి గంజి పట్టుకెళ్లాను. బాబాయ్ అని పిలవలేదు. కానీ చెప్పాడు.

సంచీలో అటుకులు రెండో రోజుకి అయిపోయాయట. అందులోనూ పెద్ద వాటా మూర్తిగారు జ్ఞానప్రకాశానికే పెట్టారట. పెట్టె నేనే తోసేశాను బాబూ, నా మూలంగా నీకీ తిప్పలు అని అప్పుడు ఒప్పుకున్నారట. తర్వాత వేడినీళ్లే. నాలుగో రోజుకి మూర్తిగారికి వణుకు ఆగిపోయింది. వణుకు ఆగితే మంచిది కాదట. టెంటుకి పాతిక అడుగుల్లో బయాలజీ వాళ్లు కోసిన సీలు ఉంది. స్కువాలు పొడవగా మిగిలింది, రాయిలా గడ్డకట్టి ఉంది. జ్ఞానప్రకాశం నడుముకి తాడు కట్టుకుని పాక్కుంటూ వెళ్లి, కత్తితో దాని కొవ్వు కోసుకొచ్చి స్టవ్వు మీద కరిగించాడు.

కప్పులో పోశాక, ఇది నా దగ్గరున్న డాల్డా అని చెబుదామనుకున్నాడట. మంచు కప్పేసి మసకగా ఉన్న టెంటు, ఆయనకి సగం తెలివి లేదు, చెబితే నమ్మేవారే. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు అన్నాడు. సీలు కొవ్వండీ, తాగకపోతే పోతారండీ అని చెప్పేశాడట.

మూర్తిగారు ఆ రోజు తాగలేదు. మర్నాడు తనే కప్పు అడిగారట. రెండు చేతులతో పట్టుకుని, స్వామిని తలుచుకుని, మొత్తం తాగారట. కక్కలేదట. నోరు చేత్తో మూసుకుని కూర్చున్నారట, గంటసేపు.

నేను గంజి గిన్నె పట్టుకుని వచ్చేశాను. మూర్తిగారి కేబిన్ ముందునించే రావాలి. తలుపు మూసి ఉంది.

జనవరి 22

డాక్టరు ఆ రెండు వేళ్లూ కణుపు దాకా తీసేశారు. అట్ట మీద కాగితాలు ఇప్పుడు ఇంకెవరో రాస్తున్నారు.

ఫిబ్రవరి 3

మూర్తిగారు మెస్సుకి వస్తున్నారు. అందరికీ పెట్టేదే తింటున్నారు. నేను వడ్డించినా తింటున్నారు. ఒక్క మాట లేదు. మాట్లాడితే బాగుండును, తిడితే ఇంకా బాగుండును. ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం ఇంకా రాలేదు. రెండుసార్లు పప్పు ఒలికింది. ఎవరూ చూడనట్టు తిన్నారు.

ఫిబ్రవరి 27

బయల్దేరాం. పెంగ్విన్లు అంచు దాకా వచ్చి నిలబడ్డాయి. అందరూ చేతులు ఊపారు.

జ్ఞానప్రకాశం నా పక్కన వచ్చి నిలబడి, ఏదన్నా కబురు చెప్పు బాబాయ్ అన్నాడు. బాబాయ్ అన్నాడు! ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఏదీ రాలేదు.

మార్చి 6, సాయంత్రం

పౌర్ణమి. ఈసారి చంద్రుడు కనపడ్డాడు, నీళ్లలోంచి లేచి, పెద్దగా. మూర్తిగారు వ్రతం చెయ్యలేదు. పటం మూటలోనే ఉంది.

నేను ఎవర్నీ అడక్కుండా స్నానం చేసి ప్రసాదం చేశాను. గ్యాలీ బల్ల మీద పెట్టి నెయ్యి డబ్బా మూత తీసి పక్కనే ఉంచాను. వచ్చారు. ఆ మూడు వేళ్లతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకున్నారు. నిదానంగా నమిలారు. నేను ఏమీ అనలేదు.

ఆ రోజు నువ్వు పోసింది కూడా నెయ్యేనయ్యా బుల్లబ్బాయ్, అన్నారు.

అవునండీ అన్నాను.

ఇప్పుడు తెలుస్తోంది, టెంటులో తాగినదాని రుచి వేరు, అన్నారు.